కత్తి పట్టని శస్త్రవిద్యా గురువు

పదిహేడేళ్లు విశ్వవిద్యాలయంలో శస్త్రచికిత్స పాఠాలు చెప్పిన ఆచార్యుడు ఒక్కసారి కూడా బతికున్న మనిషి మీద కత్తి పెట్టలేదంటే ఏమనుకుంటాం? ఈత రానివాడు చెరువు గట్టున కూర్చుని ఈత నేర్పినట్టుంది అనుకుంటాం. ఈ మాట ఆయన గిట్టనివారు పుట్టించింది కాదు. ముసలితనంలో రాసిన ఒక పెద్ద పుస్తకంలో ఆయనే ఒప్పుకున్నారు. రోగికి ఎక్కడ హాని చేస్తానోనన్న భయం తనను కత్తి ఎత్తనివ్వలేదని రాసుకున్నారు.

ఆయన పేరు ఆల్‌బ్రెక్ట్ ఫాన్ హాలర్. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరవాసి. వైద్యుడు, కవి, వృక్షశాస్త్రవేత్త. శరీరం ఎలా పనిచేస్తుందో వివరించే శాస్త్రానికి ఆధునిక రూపం ఇచ్చినవారిలో ముందు వరసలో నిలిచే మనిషి. ఈ రోజు ఏ ఆసుపత్రిలోనైనా పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసే సర్జన్ ముందుగా ఆలోచించేది అక్కడి రక్తనాళాల గురించే. ఏ ధమనిని కట్టేయవచ్చు, ఏది కడితే మిగిలిన పేగు చచ్చిపోతుంది అన్న లెక్క తేలాకే కత్తి కదులుతుంది. ఆ లెక్కకు ఆధారమైన పటాలను ఓపికగా గీయించినవారిలో హాలర్ ఒకరు.

పుస్తకాల నడుమ బక్కపిల్లాడు

1708 అక్టోబర్ 16న బెర్న్‌లో హాలర్ పుట్టాడు. తండ్రి న్యాయవాది. పిల్లవాడు బలహీనుడు, తరచూ జబ్బు పడేవాడు. తోటి పిల్లలతో ఆడుకునే ఒపిక లేక పుస్తకాల దగ్గరే కాలం గడిపాడు. పదేళ్లు నిండే వేళకే గ్రీకు, హీబ్రూ మాటలతో సొంత పదకోశం కూర్చుకున్నాడని, రెండువేలకు పైగా ప్రముఖుల జీవిత సంగ్రహాలు రాసిపెట్టుకున్నాడని చెబుతారు. తనను కఠినంగా చూసిన గురువు మీద లాటిన్‌లో వెక్కిరింపు పద్యం కూడా అల్లాడట.

తల్లి చిన్నప్పుడే పోయింది. పదమూడేళ్ల ప్రాయంలో తండ్రీ పోయాడు. దిక్కులేని ఆ కుర్రాణ్ని బీల్ అనే ఊళ్లో ఒక వైద్యుడి ఇంట్లో ఉంచారు. ఒకసారి ఆ ఇంటికి నిప్పంటుకుంటే వాడు ముందుగా కాపాడుకున్నది తన పద్యాల కాగితాలను. చిత్రమేమిటంటే, మంటల్లోంచి తెచ్చుకున్న ఆ పద్యాలను కొన్నేళ్ల తరవాత పనికిరానివని తానే తగలబెట్టాడు. తన పనిని తానే నిర్దయగా తూచుకునే ఈ గుణం చివరిదాకా ఆయనను వదల్లేదు.

పద్దెనిమిదేళ్లకు తొలి వాదం

పదిహేనో ఏట జర్మనీలోని ట్యూబింగెన్‌కు వైద్యం చదవడానికి వెళ్లాడు. అక్కడి చదువు చాలక 1725లో హాలండ్‌లోని లైడెన్ చేరాడు. ఆ రోజుల్లో ఐరోపా నలుమూలల నుంచీ విద్యార్థులు లైడెన్‌కు వచ్చేవారు. అందుకు కారణం బోర్‌హావె అనే మహావైద్యుడు. శరీర నిర్మాణం నేర్పడానికి అల్బీనస్ ఉండేవారు. ఒకరి దగ్గర రోగిని చూడటం, మరొకరి దగ్గర శవాన్ని శ్రద్ధగా కోసి చూడటం హాలర్ నేర్చుకున్నాడు.

అప్పట్లో కోష్విట్స్ అనే జర్మన్ ఆచార్యుడు నాలుక కింద లాలాజలాన్ని మోసే కొత్త నాళాన్ని కనుగొన్నానని ప్రకటించాడు. పేరున్న పెద్దమనిషి చెప్పాడు కాబట్టి చాలామంది తల ఊపారు. హాలర్ ఊపలేదు. ట్యూబింగెన్‌లో గురువుతో కలిసి మొదలుపెట్టిన పరిశీలనను లైడెన్‌లో పూర్తిచేసి, అది లాలాజల నాళం కాదు, మామూలు రక్తనాళమేనని తేల్చాడు. 1727లో వైద్య పట్టా తెచ్చిపెట్టిన సిద్ధాంత వ్యాసం అదే. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్లు.

కొత్తది కనుగొన్నానని చెప్పుకోవడం కన్నా, కనుగొన్నామని చెప్పినది నిజమేనా అని మళ్లీ కోసి చూడటమే ఆయనకు ముఖ్యం. ఒక చిన్న రక్తనాళంతో మొదలైన ఆ అలవాటు తరవాత శరీరమంతటికీ పాకింది.

తనదైన భాష కాని భాషలో కవి

పట్టా చేతికొచ్చాక హాలర్ లండన్ వెళ్లి హాన్స్ స్లోన్‌ను, శస్త్రవైద్యుడు చెసెల్డెన్‌ను కలిశారు. పారిస్‌లో విన్స్‌లో దగ్గర శరీర నిర్మాణం చదివారు. 1728లో బాసెల్ వెళ్లి యోహాన్ బెర్నూలీ వద్ద గణితం నేర్చుకున్నారు. ఆ ఏడాదే గెస్నర్ అనే మిత్రుడితో ఆల్ప్స్ కొండల్లో తిరిగారు. మొక్కలు ఏరుకోవడానికి వెళ్లిన మనిషి ఒక దీర్ఘకావ్యంతో తిరిగొచ్చారు. ఆల్ప్స్ మీద రాసిన ఆ కావ్యం 1732లో వచ్చిన కవితల సంపుటిలో అచ్చయింది. అంతవరకు ప్రయాణికులను భయపెట్టే అడ్డుగోడలుగా కనిపించిన కొండలను, అక్కడి పశువుల కాపరుల జీవితాన్ని అందంగా చూపిన తొలి రచనల్లో అది ఒకటి.

ఇక్కడ మన పాఠకులకు బాగా అర్థమయ్యే సంగతి ఒకటుంది. బెర్న్ ఇళ్లలో వినిపించేది ఆ ఊరి మాండలికం. పెద్ద కుటుంబాల్లో ఫ్రెంచి వాడకం ఎక్కువ. చదువంతా లాటిన్. పుస్తకాల్లో కనిపించే జర్మన్ ఆయనకు ఇంటి భాష కాదు, నేర్చుకున్న భాష. ఆ మాట ఆయనే ముందుమాటలో బిడియపడకుండా చెప్పుకున్నారు. ఉత్తరాది జర్మన్ విమర్శకులు ఆయన పద్యాల్లో స్విస్ యాస దొర్లిందని తప్పులు పట్టారు. హాలర్ అలగలేదు. విమర్శల్లో సరైనవి తీసుకుని, ప్రతి ముద్రణలోనూ దిద్దుకుంటూ పోయారు. ఆయన బతికుండగానే ఆ సంపుటి పదకొండు ముద్రణలు పొందింది. ఇంట్లో ఒక మాట, బడిలో ఒక మాట, పుస్తకంలో మరో మాట ఉన్న పిల్లవాడు వెనకబడిపోతాడన్న బెంగకు ఈ జీవితం ఒక జవాబు. దిద్దుకునే ఓపిక ఉండాలి, అంతే.

1729లో సొంత ఊరు చేరి వైద్యం ప్రారంభించారు. ఆశించిన పదవులు మాత్రం దక్కలేదు. పద్యాలు రాసేవాడు వైద్యం ఏం చేస్తాడన్న అనుమానం కొందరిది. 1735లో నగర గ్రంథాలయాధికారి ఉద్యోగం దొరికింది. పుస్తకాల జాబితా తయారుచేయడం అక్కడ చేతికి పట్టుబడింది. ఆ విద్య ముసలితనంలో అక్కరకొచ్చింది.

గోటింగెన్: దుఃఖంతో మొదలు

1736లో జర్మనీలో కొత్తగా వెలిసిన గోటింగెన్ విశ్వవిద్యాలయం నుంచి పిలుపు వచ్చింది. ఇంగ్లండ్ రాజు రెండో జార్జ్ తన జర్మన్ రాజ్యంలో స్థాపించిన సంస్థ అది. శరీర నిర్మాణం, శస్త్రచికిత్స, వృక్షశాస్త్రం అన్నీ ఆయనే బోధించాలి. భార్య మరియానె, చిన్న పిల్లలతో బయలుదేరారు. గోటింగెన్ వీధుల్లోకి వచ్చాక బండి తిరగబడింది. ఆ దెబ్బ నుంచి మరియానె కోలుకోలేదు. కొద్ది వారాలకే కన్నుమూసింది. కొత్త ఊరు, కొత్త ఉద్యోగం, తల్లి లేని పిల్లలు. ఆమె కోసం ఆయన రాసిన విలాప గీతం ఆనాటి జర్మన్ కవిత్వంలో నిలిచిపోయింది. తరవాత చేసుకున్న రెండో భార్య కూడా ఏడాది తిరిగేసరికి కాన్పులో పోయింది. మూడో వివాహం 1741లో జరిగింది.

ఈ దెబ్బల నడుమే ఆయన శవపరీక్షల మందిరాన్ని, వృక్షోద్యానాన్ని నిలబెట్టారు. పగలంతా పాఠాలు, శవ పరిచ్ఛేదన. రాత్రంతా రాత. బాధను పనిలో ముంచేయడం కొందరి స్వభావం. హాలర్ ఆ కోవలోని మనిషి.

ధమనుల పటాలు

1743 నుంచి 1756 దాకా హాలర్ ఎనిమిది భాగాలుగా శరీర నిర్మాణ చిత్రాల గ్రంథం వెలువరించారు. అందులో ఎక్కువ భాగం తల నుంచి పాదం వరకు ధమనుల చిత్రాలే. పని తీరు ఇలా ఉండేది. శవంలోని ధమనిలోకి రంగు కలిపిన కరిగిన మైనం లాంటి పదార్థాన్ని ఎక్కిస్తారు. అది చిన్న చిన్న కొమ్మల్లోకీ పాకి గట్టిపడుతుంది. అప్పుడు చుట్టూ ఉన్న కొవ్వును, పొరలను ఓపికగా తొలగిస్తే ధమని చెట్టులా బయటపడుతుంది. చిత్రకారుడు పక్కనే కూర్చుని గీస్తాడు.

ఒక శవంలో చూసింది చాలదు. ఒకే ధమని ఒకరిలో ఒకచోట చీలుతుంది, ఇంకొకరిలో మరోచోట. అందుకే హాలర్ ఒకే భాగాన్ని అనేక శవాల్లో చూసి, సాధారణంగా కనిపించేది ఏది, అరుదుగా కనిపించేది ఏది అని వేరుచేసి రాశారు. అంతకుముందు చాలామంది ఒకటి రెండు శవాలు చూసి ఇదే మనిషి శరీరం అనేవారు. ఆయన కూడబెట్టినది తేడాల లెక్క.

కడుపులోని ధమనులు ఆయనకు ఇష్టమైన ప్రాంతం. గుండె నుంచి కిందికి దిగే బృహద్ధమని పొట్టలోకి రాగానే ఒక పొట్టి కొమ్మ వేస్తుంది. అది జీర్ణాశయానికి, కాలేయానికి, ప్లీహానికి మూడు పాయలుగా చీలుతుంది. ఆ ముక్కాలి చీలికను ఇప్పటికీ హాలర్ పేరుతో పిలుస్తారు.

దాని కిందనుంచి పేగులకు రెండు ధమనులు బయలుదేరతాయి. పై పేగు ధమని చిన్నపేగుకు, పెద్దపేగు కుడి భాగానికి, అడ్డంగా సాగే భాగంలో దాదాపు మూడింట రెండు వంతులకు రక్తం ఇస్తుంది. కింది పేగు ధమని మిగిలిన అడ్డభాగానికి, ఎడమవైపు దిగే భాగానికి, చివరి మెలికకు, పురీషనాళం పైభాగానికి ఇస్తుంది. దీన్ని మన పొలాల భాషలో చెప్పుకుంటే రెండు కాలువల ఆయకట్టు. రెండు కాలువలకూ శివారు భూమి ఒకటే. అది ఎడమ పక్కటెముకల కింద, ప్లీహం దగ్గర పెద్దపేగు మలుపు తిరిగే చోటు. ఏ ఆయకట్టులోనైనా కష్టకాలంలో ముందు ఎండేది శివారు మడి. పేగులోనూ అంతే.

అయితే ప్రకృతి ఒక ఏర్పాటు చేసింది. పెద్దపేగు అంచు వెంబడి ఈ రెండు ధమనుల కొమ్మలూ ఒకదానితో ఒకటి కలిసి గొలుసులా సాగుతాయి. ఒక కాలువ మూతపడితే రెండో కాలువ నీళ్లు ఈ గట్టు కాలువ ద్వారా అవతలి మడికి చేరతాయి. ఈ అంచు ధమనిని తొలుత వర్ణించినవారిలో హాలర్‌ను శస్త్రవైద్య చరిత్రకారులు లెక్కపెడతారు. దాని మీద ఆధారపడి ఎంత దూరం పేగును బతికించవచ్చో 20వ శతాబ్ది ఆరంభంలో ఇంగ్లండ్‌కు చెందిన డ్రమండ్ ప్రయోగపూర్వకంగా చూపారు. ఆ ధమని ఇప్పుడు డ్రమండ్ పేరుతోనే ప్రసిద్ధం.

ఓడినవాడి పేరు నిలిచింది

రెండు ధమనులనూ కలిపే మరో వంపు నాళం కొందరిలో కనిపిస్తుంది. దానికి రియోలాన్ వంపు అని పేరు. ఆ పేరును ప్రచారంలోకి తెచ్చింది హాలరే అంటారు. రియోలాన్ 17వ శతాబ్దపు పారిస్ ఆచార్యుడు. రక్తం గుండె నుంచి వెళ్లి తిరిగి గుండెకే చేరుతుందని విలియం హార్వీ 1628లో చెప్పినప్పుడు గట్టిగా అడ్డం తిరిగినవారిలో ఆయన ముఖ్యుడు. ప్రాచీనుల మాట కాదనడం ఆయనకు ఇష్టంలేదు. 1649లో హార్వీ ఆయనకు జవాబుగా పుస్తకమే రాయాల్సి వచ్చింది. కాలం హార్వీ పక్షాన నిలిచింది. అయినా రక్తప్రసరణలో ఓడిన మనిషి పేరు ఒక రక్తనాళం మీద నిలిచింది.

ఈ పేరుతో చిక్కు లేకపోలేదు. ఒక్కో రచయిత ఒక్కో నాళాన్ని రియోలాన్ వంపు అనడంతో సర్జన్లలో గందరగోళం పుట్టింది. ఈ పేరునే వదిలేద్దామన్న సర్జన్లూ ఉన్నారు. పేరు మీద తగవు ఎలా ఉన్నా, ఆపరేషన్ బల్ల మీద అసలు ప్రశ్న ఒక్కటే. ఈ రోగిలో ఆ కలుపు ఉందా, లేదా?

నూటతొంభై జీవుల సాక్ష్యం

1752లో గోటింగెన్ విజ్ఞాన సంఘంలో హాలర్ చేసిన ప్రసంగం ఐరోపాను కదిలించింది. శరీరంలో ఏ భాగానికి నొప్పి తెలుస్తుంది, ఏ భాగం ముట్టుకోగానే ముడుచుకుంటుంది అన్నది ప్రశ్న. రెండూ ఒకటి కావని ఆయన చూపారు. నొప్పి తెలియడం నరాలున్న భాగాల పని. ముడుచుకోవడం కండరం సొంత గుణం. నరాన్ని తెంచినా, గుండెను ఒంటి నుంచి వేరు చేసినా, కొంతసేపు కండరం కదులుతూనే ఉంటుంది.

ఇందుకోసం ఆయన 190 జంతువుల మీద ప్రయోగాలు చేశారు. మత్తుమందు లేని కాలం అది. ఆ జీవుల బాధ తనకు ఏవగింపు కలిగించిందని, మనుషుల మేలు కోసమే మనసు గట్టి చేసుకున్నానని ఆయన రాసుకున్నారు. మనిషి మీద కత్తి పెట్టలేని చేయి జంతువుల మీద అంత పని చేసిందంటే చదివేవారికి గుచ్చుకుంటుంది. ఆయనకూ గుచ్చుకుంది. దాచుకోకపోవడం ఒక్కటే ఆయన చేయగలిగింది.

అన్నింటిలోనూ ఆయన మాటే గెలవలేదు. గుడ్డులో పిల్ల ముందే చిన్న రూపంలో అమరి ఉంటుందని, పెరగడం అంటే విప్పుకోవడమేనని ఆయన నమ్మారు. అవయవాలు ఒకటొకటిగా కొత్తగా ఏర్పడతాయని వోల్ఫ్ అనే యువకుడు వాదించాడు. తరవాతి శాస్త్రం వోల్ఫ్‌ను సమర్థించింది. పెద్దవాడి మాటను పద్దెనిమిదేళ్ల వయసులో కాదన్న మనిషి, తన పెద్దరికంలో ఒక కుర్రవాడి మాటను సరిగా వినలేకపోయారు.

తిరిగి సొంతూరికి

1753లో అందరూ ఆశ్చర్యపోయేలా గోటింగెన్ వదిలి బెర్న్ వచ్చేశారు. నగర పాలనలో చిన్న పదవి ఒకటి చీటీల్లో ఆయన పేరున పడింది. 1758 నుంచి ఆరేళ్లు రోష్ అనే ఊళ్లో ఉప్పు తయారీ కేంద్రానికి అధికారిగా ఉన్నారు. గోటింగెన్ మళ్లీ పిలిచినా వెళ్లలేదు. సొంతూరి పాలక మండలిలో పెద్ద పదవి మాత్రం ఎంత ఆశించినా దక్కలేదు.

రాత ఆగలేదు. శరీర ధర్మాల మీద ఎనిమిది సంపుటాల మహాగ్రంథం 1757, 1766 మధ్య వచ్చింది. స్విస్ మొక్కల చరిత్ర 1768లో వచ్చింది. ఆపైన వృక్షశాస్త్రం, శరీర నిర్మాణం, శస్త్రచికిత్స, వైద్యం అనే నాలుగు రంగాల్లో అంతవరకు వెలువడిన పుస్తకాల సూచికలు తయారుచేశారు. వాటిలో దాదాపు 52,000 రచనల వివరాలున్నాయి. తాను కత్తి పట్టలేదన్న ఒప్పుకోలు శస్త్రచికిత్స సూచికలోనిదే. లాటిన్, ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లిష్, ఇటాలియన్ భాషల్లో సుమారు 1,200 మందితో ఉత్తరాలు నడిపారు.

చివరి ఏళ్లలో మూత్రాశయ వ్యాధి పీడించింది. నొప్పికి నల్లమందు మొదలుపెట్టి, దాన్ని వదల్లేని స్థితికి వచ్చారు. అక్కడా పరిశీలకుడే. నల్లమందు తన నాడిని, నిద్రను, ఒంటిని ఏం చేస్తోందో రాసి గోటింగెన్ సంఘానికి పంపారు. 1777 జులైలో చక్రవర్తి రెండో జోసెఫ్ ఆ దారిన వెళుతూ, దగ్గరలోనే ఉన్న వోల్టేర్‌ను చూడకుండా వెళ్లినా, హాలర్ ఇంటికి మాత్రం వచ్చారు. అదే ఏడాది డిసెంబర్ 12న హాలర్ కన్నుమూశారు. ఆఖరి క్షణాల్లో తన మణికట్టు ధమనిని తానే పట్టి చూసుకుంటూ, అది ఆగడాన్ని పక్కనున్న వైద్యుడికి చెప్పి వెళ్లిపోయారని చెబుతారు.

బల్ల మీద ఆయన పాఠం

హాలర్ కాలంలో పొట్ట కోసి పెద్దపేగు ముక్క తీసి కలపడం ఊహకు దూరం. మత్తు లేదు, క్రిమి నివారణ లేదు. ఈథర్ మత్తుతో బహిరంగంగా తొలి ఆపరేషన్ జయప్రదమైంది 1846లో. అదీ అక్టోబర్ 16నే, హాలర్ పుట్టినరోజున.

ఇప్పుడు ఎడమవైపు పెద్దపేగులో క్యాన్సర్ ఉంటే సర్జన్ ఆ భాగాన్ని మాత్రమే తీసి ఊరుకోరు. వ్యాధి ధమనుల వెంట ఉండే లింఫ్ గ్రంథులకు పాకుతుంది కాబట్టి, వాటినీ తీసేందుకు చాలాసార్లు కింది పేగు ధమనిని మొదట్లోనే కట్టేస్తారు. ఒక కాలువ తూము మూసేసినట్టే. ఇక మిగిలిన ఎడమ పేగు బతకాలంటే పై ధమని రక్తం అంచు గొలుసు ద్వారా రావాలి. శివారు మలుపు దగ్గర ఆ గొలుసు కొందరిలో సన్నగా ఉంటుంది, కొందరిలో తెగిపోయినట్టే ఉంటుంది. రక్తం చాలకపోతే కలిపి కుట్టిన చోటు మానదు. కొద్దిరోజులకు కుట్టు విడి, మలం పొట్టలోకి చేరి ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే సర్జన్ పేగు రంగు చూస్తారు, కోసిన అంచు నుంచి ఎర్రటి రక్తం చిమ్ముతోందా అని చూస్తారు, ధమని కొట్టుకోవడాన్ని వేలితో తాకి చూస్తారు. కొన్ని ఆసుపత్రుల్లో ప్రత్యేక రంగుమందును రక్తంలోకి ఎక్కించి, ప్రత్యేక కెమెరాతో పేగు వెలిగే తీరు చూస్తారు. రంగు ఎక్కించి దారి కనిపెట్టే ఆ ఉపాయం హాలర్ మైనానికి దూరపు బంధువే.

రోగికి హాని చేస్తానేమోనన్న భయం హాలర్‌ను కత్తికి దూరంగా ఉంచింది. ఆ భయమే ఆయన చేత ఒకే ధమనిని పదే పదే కోయించి, తేడాలు రాయించింది. ఆయన ఏ రోగినీ కోయలేదు. కానీ కుట్టు వేసేముందు ఒక్క క్షణం ఆగి పేగు అంచున నాడిని తాకి చూసే ప్రతి సర్జన్ వేలిలోనూ ఆ పాత భయం కాస్త మిగిలి ఉంది. రోగిని కాపాడేదీ అదే.